గంటన్నరలో సిరిసిల్ల

సూరత్‌లో నూలు బేరం ముగించుకుని సిరిసిల్లకు బయలుదేరిన పొద్దున, అక్కడి గోడాదరా తెలుగు బస్తీలో నాకు బస ఇచ్చిన లచ్చవ్వ ఒక స్టీలు డబ్బా నా చేతిలో పెట్టింది. లోపల పొగలు కక్కుతున్న లోచో. శనగపప్పు రుబ్బి ఆవిరి మీద ఉడికించే సూరత్ టిఫిన్ అది.

"విమానంల పోతున్నవు గదా కొడుకా! గంటన్నరే అంటివి. మా బిడ్డ కవితకియ్యి, వేడివేడిగ తింటది. నీళ్లు వోసుకున్నది, దీని మీదనే పాణం వెట్టుకున్నది."

తల పట్టుకున్నాను. "గంటన్నర హైదరాబాదుకే అవ్వా! ముందుగాల పోయి ఎయిర్‌పోర్టుల కూసోవాలె. దిగినంక బస్టాండుకు పోవాలె, ఆడికెళ్లి సిరిసిల్ల బస్సు. పొద్దుగూకుతది."

ఆమె నన్ను జాలిగా చూసింది. "గట్లయితే విమానమెందుకు? రైల్లనే పోరాదు?"

ఒళ్లు మండింది. డబ్బా సంచిలో కుక్కుకున్నాను. విమానం ఆలస్యంగా వచ్చింది. బస్సులో సీటు దొరకలేదు. దారి పొడుగునా నిలబడి లచ్చవ్వను తిట్టుకుంటూనే వచ్చాను.

సిరిసిల్లకు కోడలై వచ్చినా కవిత పుట్టి పెరిగింది సూరత్‌లోనే. డబ్బా అందుకుని గడపలో నిలబడే మూత తీసి, చల్లారి గట్టిపడ్డ ముద్దను విరిచి నోట్లో పెట్టుకుంది. తర్వాత తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, అన్న తెచ్చిండు. ఇంకా గరం గరంగనే ఉన్నదే!"

నాకు సైగ చేసి ఫోన్ అందించింది.

"అవునవ్వా, వేడిగనే ఉన్నది" అన్నాను.

"జూసినవా, నే జెప్పలే?" అంది లచ్చవ్వ. "మల్లొచ్చినప్పుడు రెండు డబ్బాలిస్త."