పులివెందులలో అచ్చేయించిన తప్పు

నిన్న జమ్మలమడుగులో చుట్టాల బర్రెల కొట్టం ముందు నిలబడి తలెత్తితే, పైకప్పు మీంచి మా మేనకోడలు నన్ను చూసి నవ్వుతోంది. కంగారుపడకండి, కొట్టానికి కప్పిన పాత ఫ్లెక్సీలో. ఒక చెంప వెలిసిపోయింది, రెండో చెంప మీద కాకి కూర్చుంది. నాకు మాత్రం చెవులు కాలాయి, దాని మీది రాత నాది కాబట్టి.

కొన్నేళ్ళ కిందట, అప్పుడే పీహెచ్‌డీ ముగించిన ఆ పిల్ల బీజగణితాన్నీ లెక్కింపునూ ముడివేసే శాఖలో పరిశోధన చేస్తుండేది. నాకు అర్థమైనంతలో, మెట్లు మెట్లుగా పేర్చిన గళ్ళలో అంకెలు నింపాలి. కుడికి జరిగినా కిందికి దిగినా అంకె పెరగాలి. దానికి తోడు రెండు వేరు వేరు నియమాలతో నింపినా, ఎన్ని రకాలుగా నింపవచ్చన్న లెక్క ఏ ఆకారానికైనా ఒకటేనని, ఇటువైపు ప్రతి అమరికకూ అటువైపు ఒక జత చూపించి నిరూపించి, వ్యాసంగా నెట్‌లో పెట్టింది. ఆమె తండ్రి, అంటే మా బావ, పొంగిపోయి ప్రొద్దుటూరు నడిబొడ్డున గండికోట గోడంత ఫ్లెక్సీ కట్టించాడు. "విశ్వగణితాన్ని ఒంటిచేత్తో లొంగదీసిన మా ఆడసింహం" అని నేను రాసిచ్చాను. విశ్వం మరీ చిన్నదైపోతుందేమోనని కూడా అనుమానపడ్డాను.

వారం తిరక్కముందే పిల్ల ఇంటికొచ్చి, వసారాలో సుద్దముక్కతో గళ్ళు గీసి, వాటి మధ్యే కూలబడింది. ఒక ఆకారంలో ఒకవైపు ఒక్క అమరిక జత లేకుండా మిగిలిపోతోందట. వ్యాసం వెనక్కి తీసుకున్నానంది, తలెత్తకుండా.

"ఒగటే గదమ్మా, ఎవురు సూసొచ్చినారు?" అన్నాడు బావ.

"ఒగటి సాలు నాయనా, అంతా కూలిపాయ."

"అయితే ఫ్లెక్సీ దించేస్తాం పో."

"దించితే దాసినట్టయితాది. యాడ చెప్పుకుంటిమో ఆడే దిద్దుకోవాల. నా మొగమే గదా ఆడుండేది."

ఆ దిద్దుబాటును ప్రొద్దుటూరులో అచ్చేయించే ధైర్యం మాకు లేదు. బావా నేనూ తలలకు టవళ్ళు చుట్టుకుని దొంగల్లా పులివెందుల పోయాం. ఫ్లెక్సీ షాపతను కాగితం చదివి మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "ఏందప్పా ఇది? తప్పయిందని ఫ్లెక్సీ ఏయించుకునేటోళ్ళను ఈడ ఎప్పుడూ సూళ్ళేదే. మీదేం పార్టీ?"

తెల్లపట్టీ మీద నల్లటి అక్షరాలు: "ఈ ఫలితం తప్పు. వెనక్కి తీసుకున్నాను." పిల్లే నిచ్చెనెక్కి నా ఆడసింహం కింద అతికించింది. మొదట కట్టినప్పుడు తలెత్తని ఊరు, ఆ పూట టీ గ్లాసులతో సహా దిగింది. "ఏం మామా, మీ మేనకోడలి లెక్క తప్పిందంట?" అని ఒకడు అరిచాడు. నేను చెప్పు సర్దుకునే నెపంతో వంగి, చాలాసేపు లేవలేదు.

"అవున్నా, తప్పింది" అని నిచ్చెన మీంచే చెప్పింది ఆమె.

తర్వాత కొన్ని ఆకారాల వరకే ఆ మాట నిలుస్తుందని నిరూపించింది. దానికెవరూ ఫ్లెక్సీ కట్టలేదు, నన్ను రాయమనలేదు.

కొట్టం మీద నా విశ్వం, ఒంటిచెయ్యి, ఆడసింహం అన్నీ తెల్లబోయాయి. పట్టీ మీది నల్లటి ముక్కలు మాత్రం ఇంకా చదవడానికొస్తున్నాయి. ఇన్నేళ్ళ ఎండ నా రాతనే దిద్దుతూ కూర్చుంది. ఆమె రాత జోలికి పోలేదు.