పొలం కౌలుకిచ్చిన ఏడాది

మా ఆయనకు క్షయ అని తేలిన రోజు మా అత్తగారు ముందుగా అన్న మాట, "ఊళ్లో ఎవులికీ తెలీకూడదు" అని. బతుకుతాడా అన్నది ఆ తర్వాత అడిగారు. ఆవిడను తప్పు పట్టలేను. ఆ రోజుల్లో క్షయ ఉన్న ఇంటి గుమ్మం ఎవరూ తొక్కేవారు కారు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్త అది. మా ఊరు చోడవరం నుంచి వడ్డాది వెళ్లే దారిలో ఉండేది. ఆయన్ని విశాఖపట్నం ఆసుపత్రిలో చేర్చి వచ్చి, హార్బరులో పని దొరికిందని అందరికీ చెప్పాం. జనం నమ్మారు. తమ కుర్ర గుంటడికి కూడా అక్కడ ఏదైనా పని చూడమని ఒకరిద్దరు నన్ను అడిగారు. చెప్పి చూస్తానన్నాను.

వరి నేను ఎలాగో చేయించగలను. చెరకు మాత్రం మగదిక్కు లేకుండా సాగలేదు. నీళ్లు కట్టాలి, గానుగ వంతు కోసం పోట్లాడాలి, బెల్లం బండి మీద అనకాపల్లి తోలాలి. అందుకని పొలమంతా కౌలుకి ఇద్దామనుకున్నాం. పక్క ఊరి క్రైస్తవ రైతు ఒకాయన ముందుకొచ్చాడు. నెమ్మదైన మనిషి. పంటలో పాలు ఎంతో ఇట్టే ఒప్పేసుకున్నాడు కానీ, ఒక్క మాట మీద మాత్రం పట్టుబట్టాడు.

"కరణంగారి లెక్కల్లో నా పేరు రాయించండమ్మా. రేపు ఎవులైనా నువ్వెవుడివి అంటే సూపించడానికి నాకో కాగితం ఉండాల."

"పేరు రాయిస్తే పొలం ఆడిదైపోద్దే" అని అత్తగారు గోల పెట్టారు. అవతల అదను దాటిపోతోంది. బీడు పెట్టినా శిస్తు తప్పదు. ఆవిడ ఇంకా గొణుగుతూ ఉండగానే నేను కరణంగారింటికి వెళ్లాను.

శిస్తులు కట్టే రోజులు కావడంతో ఆయన అరుగు నిండా రైతులున్నారు. నేను స్తంభం పక్కన నిలబడి సంగతి చెప్పాను.

"పట్టా మీ ఆయన పేరున ఉంది కదమ్మా. కౌలుకిస్తున్నట్టు అతను సంతకం పెట్టాలి. శిస్తు ఎవరు కడతారో కూడా అతనే రాసివ్వాలి. ఒకసారి రమ్మను."

"రాలేరండి. సెలవు దొరకదు."

"అయితే ఏ ఆఫీసో చెప్పు. కాగితం అక్కడికే పంపిద్దాం. పైఅధికారి చేత సాక్షి సంతకం కూడా పెట్టించుకోవచ్చు."

హార్బరులో ఏ ఆఫీసులుంటాయో నాకేం తెలుసు? తిరిగి వెళ్లిపోదామనుకున్నాను. వెళ్లిపోతే ఆ రైతు ఇంకో పొలం చూసుకుంటాడు. కాస్త ముందుకు వంగి, ఆయనకు మాత్రమే వినపడేలా చెప్పాను. కరణంగారికి చెవుడు.

"ఏవిటీ? గట్టిగా చెప్పమ్మా."

మళ్లీ చెప్పాను. మళ్లీ వినబడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నా వైపు తిరిగారు.

"ఆసుపత్రిలో ఉన్నారండీ" అన్నాను గట్టిగా.

"అయ్యో, ఏం జబ్బు?"

కౌలు కాగితానికి ఆ సంగతి అక్కర్లేదు. ఆయన జాలితోనే అడిగారు. అంతమంది నా మొహంలోకి చూస్తుంటే అబద్ధం తోచలేదు. చెప్పేశాను. నా పక్కన కూర్చున్న రైతు తువ్వాలు దులుపుకుని లేచి అవతలికి వెళ్లాడు. కరణంగారు కాగితం రాశారు. నేను చెయ్యి చాపితే చేతికివ్వలేదు, అరుగు అంచున పెట్టారు.

నేను ఇంటికి చేరేసరికి అత్తగారికి తెలిసిపోయింది.

"నోరు మూసుకుని వొచ్చీలేపోయావేటే?" అన్నారు. ఆ తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. మా గేదె పాలు పోయించుకునే ఇళ్లు ఒక్కొక్కటే మానేశాయి. నూతి దగ్గర నేను తోడుకుని వెళ్లేదాకా ఆడవాళ్లు బిందెలతో దూరంగా నిలబడేవారు.

కౌలుదారు వచ్చి వీధిలోనే ఆగిపోయాడు. "నాకు బయం నేదమ్మా. మా ఇంటిది ఒప్పుకోట్లేదు. పొలం సేస్తాను. పంటలో మీ పాలు కళ్లంలోనే కొలిసి ఇచ్చేస్తాను. ఇంటికి మాత్రం రాను. ఏటీ అనుకోకండి." మాట ప్రకారమే చేశాడు.

సంతకం కోసం ఆసుపత్రికి వెళ్లాను. మా ఆయన మంచం మీద లేచి కూర్చుని కాగితం చూసుకున్నారు.

"ఊళ్లో ఎవులికీ తెలీదు గదా?"

"ముందు సంతకం పెట్టండి" అన్నాను.

నా మొహంలోకి చూశారు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నట్టు సంతకం పెట్టారు.

ఆ మరుసటేడు ఆయనకు నయమైంది. ఇక ఎవరికీ అంటుకోదని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఊళ్లో ఎవరూ నమ్మలేదు. పొలం తిరిగి మనమే చేసుకుందామని ఆయన కూలీలను పిలిస్తే, ఏదో ఒక వంక చెప్పి తప్పుకున్నారు. గానుగ దగ్గర మొహం మీదే అనేశారు, "నీ సేతి బెల్లం ఎవులు కొంతారు బాబూ?" అని. కౌలు ఆ రైతుకే కొనసాగించాం. మా చెరకు అతని పేరుతో బెల్లమై అమ్ముడయ్యేది. మా ఆయన గట్టు మీద కూర్చుని చూసి వచ్చేవారు.

ఒకసారి కె.కోటపాడులో దగ్గర చుట్టాల పెళ్లికి ఆయన ఒక్కరే వెళ్లారు. మధ్యాహ్నం దాటాక ఎండలో నడుచుకుంటూ తిరిగొచ్చారు. కాళ్లు కడుక్కుని, "అన్నం ఉందా?" అన్నారు. పెళ్లింట భోజనం ఏమైందని నేను అడగలేదు. పొద్దుటి అన్నం, కాస్త మజ్జిగ ఉంటే పెట్టాను. తల ఎత్తకుండా తిన్నారు.