గడ్డవరకే తీయమన్న మా అత్త

పోయిన శుక్రవారం జమ్మలమడుగులో మా అత్త పోయింది. మధ్యాహ్నం అన్నం తిని మంచంమీద ఒరిగి, గుండెలో నొప్పి అంది. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. చూడవచ్చిన ఆడవాళ్ళంతా గొంతు తగ్గించి ఒకటే అడిగారు, “మళ్ళా ఆ జబ్బేనా?” అని. కాదు, గుండెపోటు. ఆ మాట చెప్పిన ప్రతిసారీ ఏడుపు మధ్యలోనే నాకు మనసు తేలికపడింది. ఆ జబ్బుకు మా అత్త దొరకలేదు.

కొన్నేళ్ళ కిందట ఒకరోజు స్నానం చేసి వచ్చి, వంటింట్లో ఉన్న నా చెయ్యి పట్టుకుని తన ఎడమ రొమ్ముమీద పెట్టుకుంది. బఠానీగింజ కన్నా కాస్త పెద్ద గడ్డ, రాయిలా ఉంది. “నొప్పేం ల్యా. నీ మొగునికి చెప్పాకు,” అంది. ఆమె భయమంతా కత్తి గురించే. వాళ్ళ మేనత్త ఆపరేషన్ అయిన ఏడాదికే పోయిందట. కత్తి తగిలితే జబ్బు ఒళ్ళంతా పాకుతుందని చిన్నప్పటినుంచి వింటూ పెరిగిన మనిషి.

నేను మా ఆయనకు చెప్పేశాను. ప్రొద్దుటూరులో స్కానూ సూది పరీక్షా చేసి, క్యాన్సరే అన్నారు. తిరుపతికి తీసుకుపోయాం. అక్కడ ఆపరేషన్ చేసే డాక్టరమ్మది చిన్న వయసు. కూర్చోగానే అత్త అడిగేసింది.

“కత్తి పెడితే పాకుతాదంట గదమ్మా?”

డాక్టరమ్మ నవ్వలేదు. “లేదమ్మా. ఒకప్పుడు చాలామంది బాగా ముదిరాక వచ్చేవాళ్ళు. అప్పటికే పాకి ఉండేది. నింద మాత్రం కత్తిమీద పడింది.”

తర్వాత కాగితంమీద బొమ్మ గీసి చెప్పింది. రొమ్ము మొత్తం తీసేయడం ఒక దారి. గడ్డనూ చుట్టూ కొంచెం మంచి కండనూ తీసి, రొమ్ము ఉంచి, తర్వాత కొన్ని వారాలు రేడియేషన్, మా భాషలో కరెంటు, పెట్టడం రెండో దారి. రెండింట్లోనూ చంకలోంచి కొంచెం తీసి, జబ్బు అక్కడిదాకా చేరిందేమో చూస్తారు. “మీ గడ్డ చిన్నది కాబట్టి ఏది చేసినా ప్రాణానికి భరోసా ఒకటే,” అంది.

“ఈ వయసులో ఇంకేంటికి మేడం, అంతా తీసేయండి,” అన్నాడు మా ఆయన.

అత్త కొడుకువైపు తిరిగింది. “ఏందిరా, నీకు పాలిచ్చినన్ని దినాలేనా ఇది నాది? గడ్డవరకే తీయమ్మా.”

డాక్టరమ్మ వచ్చే నవ్వు ఆపుకుని, అట్లాగే రాసుకుంది.

మత్తు దిగాక కట్టుమీద చెయ్యి పెట్టి తడుముకుని, “ఉండాది,” అని కళ్ళు మూసుకుంది అత్త. రిపోర్టు వచ్చినరోజు గట్టిగా చదివి వినిపించాను. గడ్డ చుట్టూ తీసిన కండలో జబ్బు లేదు, చంకలోనూ లేదు.

“అయితే పోయినట్టేనా?”

“పోయినట్టే అత్తా.”

“మరి కరెంటేంటికి?”

“కంటికి కనపడంది ఏమన్నా మిగిలుంటే మాడ్చేదానికి.”

“మాడ్చనీ, మనకేం.”

ఆ వారాలన్నీ తిరుపతిలో అద్దెగదిలో ఉన్నాం. ప్రతిరోజూ కరెంటు పెట్టించుకుని వచ్చి, “ఈ పొద్దుది అయిపాయ,” అని కాళ్ళు చాపుకునేది. అంతకుమించి ఏ రోజూ ఏడవలేదు, మురవలేదు.

తర్వాత మా వెనక వీధిలో బట్టలు కుట్టే సాయబులామెకు అదే జబ్బొచ్చింది. భర్త కువైట్‌లో ఉన్నాడు. ఆమెకు మొత్తం తీయాలన్నారు. మా ఇంటికొచ్చి, “నీకు ఉంచిరి, నాకేంటికి తీస్తారమ్మా?” అని ఒకటే ఏడుపు.

“నాది ఒకటే చిన్నగడ్డ. నీకు నాలుగు చోట్ల ఉండాది. నాకు రొంత, నీకు అంతా. ఇద్దరికీ బతికేదానికేలే,” అని, ఆపరేషన్‌కు తోడుపోయింది మా అత్త. ఆమె ఇప్పుడు బాగుంది. శుక్రవారం మా అత్త తలదగ్గర కూర్చున్నది, ఎత్తేదాకా లేవలేదు.

అత్త పుట్టిల్లు కొండాపురం దగ్గర. ఆ ఊరు రిజర్వాయరులో మునిగిపోయింది. పోయిన ఎండాకాలం చూస్తానంటే తీసుకుపోయాం. “మా ఇల్లు ఆడ,” అని నీళ్ళ మధ్యకు వేలు చూపించి, చెప్పులు విడిచి దిగిపోయింది. మేం గట్టుమీదనుంచి కేకలేస్తున్నాం. మోకాళ్ళ లోతులో నిలబడి, దోసిళ్ళతో మొహంమీదా గుండెలమీదా నీళ్ళు చల్లుకుంటూ, “శానా సల్లగుంది, రాండే!” అని చెయ్యెత్తి మమ్మల్ని పిలుస్తానే ఉంది.