అత్తకు వేసిన ఆకు

మధురవాడలో మా అపార్ట్‌మెంట్ కింద, కార్లు పెట్టుకునే చోట, కొత్తగా చేరిన వాచ్‌మన్ తల్లి సాయంత్రం పూట చుట్ట కాలుస్తుంది. అసోసియేషన్ వాళ్లు వద్దన్నారట. ఆమె సరేనని తలూపి, స్తంభం వెనక్కి వెళ్లి కాలుస్తోంది. నిన్న ఆఫీసు నుంచి వచ్చి బండి స్టాండు వేస్తుంటే ఆ వాసన ముక్కుకు తగిలింది. మామూలు చుట్ట కాదు, అడ్డచుట్ట. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చేది. మా వైపు పాతకాలం ఆడవాళ్లకు తప్ప ఇంకెవరికీ చేతకాని విద్య అది. లిఫ్టు వచ్చి, తలుపు తెరుచుకుని, మళ్లీ మూసుకుంది. నేను కదల్లేదు. అలాగే అడ్డచుట్ట కాల్చే మా అప్పలనరసమ్మత్త గుర్తొచ్చింది. గుర్తొచ్చిందంటే మెత్తగా కాదు, వెనక నుంచి వచ్చి వీపు మీద ఒక్కటి చరిచినట్టు. బతికున్న రోజుల్లో ఆమె పలకరింపు కూడా అలాగే ఉండేది.

అత్త మా నాన్నకు అక్క. మా వైపు మాటలో అప్ప. పెళ్లయి ఏడాది తిరక్కుండానే భర్త జ్వరం వచ్చి పోయాడు. పోర్టులో కలాసీగా పనిచేసేవాడట. పిల్లల్లేరు. అత్తవారు పొమ్మనలేదు, అలాగని ఉండమనీ అనలేదు. ఆ మౌనం అర్థం చేసుకుని పుట్టింటికి వచ్చేసింది. ఉక్కు ఫ్యాక్టరీ కోసం మా ఊరు ఖాళీ అయి, నాన్నకు అందులోనే ఉద్యోగం, ఉక్కునగరంలో క్వార్టరు వచ్చాక మాతోపాటే అక్కడికి చేరింది. మా అమ్మ ఆరోగ్యం అంతంత మాత్రం. అందుకని వంటిల్లు అత్తది, మిగతా ఇల్లు మాది. నన్నూ తమ్ముడు రమణనూ తిట్టిందీ, తినిపించిందీ, జుట్టు పట్టుకుని తలంటిందీ ఆమే.

మా కుటుంబాల్లో ఏడాదికోసారి పెద్దలకు పెట్టుకుంటాం. పోయినవాళ్లలో ఒక్కొక్కరికీ ఒక్కో అరిటాకు వేసి, ఎవరికి ఏది ఇష్టమో అది వండి వడ్డించి, పేరు పెట్టి పిలిచి, సాంబ్రాణి వేసి, తలుపు దగ్గరగా మూసి అందరం బయట కూర్చుంటాం. లోపల పెద్దలు భోంచేస్తారు. క్వార్టరుకు వచ్చిన మొదటి ఏడు అత్తకు పెద్ద బెంగ పట్టుకుంది. ఊరు లేదు, పాత ఇల్లు లేదు, శ్మశానం కూడా ఫ్యాక్టరీ గోడకు అవతల ఎక్కడో ఉండిపోయింది. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే ఈ క్వార్టర్లలో మనదేదో వాళ్లకెలా తెలుస్తుంది? వడ్డన అయ్యాక గుమ్మంలోకి వచ్చి, నోటికి రెండు పక్కలా చేతులు అడ్డం పెట్టుకుని, సందంతా వినపడేలా దారి చెప్పడం మొదలుపెట్టింది.

"నాయినా! పెద్ద గేటు కాడ ఆగిపోకండి, నోపలికొచ్చీండి! పాలబూతు దాటీసి ఎడం పక్కకి తిరగండి. మునగసెట్టున్నదే మన కోటరు. పక్కింటికెల్లిపోకండి, ఆల్లు బెజవాడోల్లు, ఆల కూరలు మీకు సయించవు!"

పక్కింటాయన నైట్ షిఫ్టు చేసి పడుకున్నవాడల్లా లేచి బయటికి వచ్చాడు. "ఎవరండీ వచ్చేది?" అని అడిగాడు. "మా తాత," అంది అత్త. ఆయన పాపం బస్సు దిగి ముసలాయనెవరైనా వస్తున్నాడేమోనని గేటు వైపు కాసేపు చూశాడు కూడా. నాన్న సిగ్గుతో చచ్చిపోయాడు గానీ అక్కగారి మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఆయనకు ఏనాడూ లేదు.

నాకు ఓణీలు వేసే వయసు వచ్చేసరికి ఆ వంటలోకి నన్ను దింపింది. మా వంశం నాకు తెలిసింది అలా, వంటింట్లోంచే. ముత్తాతకు కల్లు ముంత ముందు పెట్టాలి, తర్వాతే అన్నం. ముత్తవ్వకు చోడి అంబలి, ఎండుచేప నెత్తళ్ల వేపుడు. తాతకు ఆనపకాయ పులుసు, అందులో రొయ్యలు పడాలి, పడకపోతే ఆకు ముందు నుంచి లేచిపోయే మనిషి. వీళ్లెవరినీ నేను చూడలేదు. కానీ ఎవరికి ఉప్పు ఎక్కువ కావాలో, ఎవరికి పళ్లు లేవో, ఎవరు కోడలి మీద అలిగి మజ్జిగ మానేశారో నాకు తెలుసు. వంశవృక్షం అంటే కాగితం మీద గీసే బొమ్మ అని కాలేజీకి వెళ్లాక గానీ నాకు తెలియలేదు. మా ఇంట్లో అది పొయ్యి మీద ఉడికేది.

అత్తకు పద్ధతులంటే ప్రాణం. "ఆడపిల్లకి పుట్టింట ఆకెయ్యకూడదు. పెళ్లయిపోనాక అది ఆ ఇంటి పెద్దే గాని మనింటి పెద్ద కాదు," అనేది. ఒకసారి ఆనపకాయ చెక్కు తీస్తూ, ముందూ వెనకా చూసుకోకుండా అడిగేశాను.

"మరి నువ్వు పోయాక నీకెవరు ఆకేస్తారత్తా?"

అత్త కత్తిపీట మీద చెయ్యి ఆపింది. "నాకెవులేత్తారే గుంటా? ఆ ఇంట్లో నాను లేను. ఈ ఇంటికి నాను సెందను. ఎవులాకు కాడ కూకోవాల?" అని నవ్వింది. నవ్వాక కూడా చాలాసేపు ఆ చెయ్యి కదలలేదు. పోయినవాళ్లందరి ఆకలీ కనిపెట్టి చూసే మనిషికి, తాను పోయాక ఆకలితో ఉండాల్సి వస్తుందన్న భయం ఉందని అప్పుడే తెలిసింది నాకు.

నాకు సీతమ్మధారలో ఉద్యోగం వచ్చి, స్కూటీ కొనుక్కున్న కొత్తలో, ఓ ఆదివారం అత్త గంజి పెట్టిన చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. "మా అత్తోరింటికి తీసుకెల్తావేటి? ఏడాదికోపాలి నాకో ఆకెయ్యమని అడుగుతాను. అంతకన్నా నాకేటొద్దు," అంది. వాళ్లు కూడా ఊరు మారి గాజువాక దగ్గర ఏదో కాలనీలో ఉన్నారని మాత్రమే తెలుసు. ఇంటిపేరు పట్టుకుని వెతుక్కుంటూ పోయాం. మా వైపు ఇంటిపేరు చెబితే చాలు, టీకొట్టు బల్ల మీద కూర్చున్న ఏ ముసలాయనో పని మానుకుని గుమ్మం దాకా దిగబెడతాడు. ఆ ఇంట్లో ఇప్పుడు ఉంటున్నది అత్త భర్తకు అన్నగారి కొడుకు. మర్యాదస్తుడే. కుర్చీలు వేసి, కూల్‌డ్రింకు తెప్పించాడు.

"మీ సిన్నాన్న పెళ్లాన్నిరా బాబూ," అంది అత్త.

అతను బిత్తరపోయాడు. "మా సిన్నాన్నకి పెళ్లే అవలేదన్నారు కదమ్మా! మా నాన్న అలాగే సెప్పీవోడు. పెళ్లవకండా పోనాడని ఆకు కూడా ఎడంగా ఏత్తన్నాం."

నా ఒళ్లు మండిపోయింది. నోరు తెరవబోతే అత్త నా మోకాలు గట్టిగా నొక్కింది. గ్లాసు కింద పెట్టి అడిగింది. "ఆడికి ఏటెడతన్నారు?"

"ఏటుందమ్మా, పప్పూ అన్నం."

"ఆడు పప్పు ముట్టడు నాయినా. కోడిగుడ్ల పులుసు సెయ్యండి. సింతపండు సిక్కగా పిసకాల. దించీముందు సిన్న బెల్లం ముక్కెయ్యాల. గుడ్డుకి గాట్లెట్టకండి, ఆడికి నచ్చదు."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అతని భార్య బెల్లం సంగతి మళ్లీ అడిగి తెలుసుకుని, అలాగే చేస్తానంది. అత్త లేచి చెప్పులేసుకుంది. తన ఆకు మాట ఎత్తనే లేదు.

రోడ్డు మీదికి వచ్చాక బండి పక్కకు ఆపేశాను. "నీ సంగతి అడగడానికి కదా వచ్చాం? అడగవేం?"

"నాకు పెళ్లే అవలేదన్న ఇంట కూకుని, నాకన్నం ఎట్టండని అడగమంటావేటి?" అని కసిరింది. తర్వాత గొంతు తగ్గించి, "ఇన్నాల్లూ పప్పుతో ఏగేడు ఎర్రిబాగులోడు. ఆడికి పులుసు దొరికింది కదా. సాల్లే, పోనీ బండి," అంది. ఇంటికి వెళ్లాక అమ్మతో మాత్రం, ఎంతో బాగా చూశారని, కూల్‌డ్రింకు ఇచ్చారని చెప్పింది.

నాన్న, ఆ తర్వాత అమ్మ, చివరికి అత్తా పోయారు. పెద్దలకు పెట్టే బాధ్యత కూర్మన్నపాలెంలో ఉంటున్న రమణ మీద పడింది. అత్త పోయిన ఏడాది వాడికి ఫోన్ చేసి, ఆమెకో ఆకు వెయ్యరా అన్నాను.

"అదెలాగవుద్దక్కా? ఆడపిల్లకెయ్యకూడదని సెప్పిందే ఆవిడ. ఆవిడ మాట ఆవిడ కోసమే తప్పమంటావేటి?"

వాడన్నదాంట్లో తప్పేమీ లేదు. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది. "అయితే నేనే వేస్తాను. నేనూ పెళ్లయిపోయిన ఆడపిల్లనే కదా, నా ఇంటికి ఎవరు పెద్దో నా ఇష్టం," అని ఫోన్ పెట్టేశాను. మా ఆయన మార్కెట్టుకు వెళ్లి, తమ పెద్దల కోసం అప్పటికే తెచ్చిన అరిటాకుల మీద ఇంకొకటి అదనంగా తెచ్చి ఇచ్చాడు.

కొంగు బిగించి పొయ్యి వెలిగించాను. మూకుడు పెట్టాను. అప్పుడు తట్టింది. ఏం వండాలి? అత్తకు ఏమిష్టం? ఎంత ఆలోచించినా ఒక్క కూర తోచలేదు. ఆమె అందరికంటే ఆఖరున తినేది. అడుగంటిన అన్నం, గిన్నెకు అంటుకున్న పులుసు, మేం వదిలేసిన ముక్కలు. ఏం కావాలత్తా అంటే, "ఏదైతే ఏటి, కడుపులోకే కదా ఎల్లీది," అనేది. మేమూ నమ్మేశాం. పొయ్యి ఆపేసి రమణకు మళ్లీ ఫోన్ చేశాను.

"ఒరే, అత్తకి ఏ కూరంటే ఇష్టంరా?"

"అత్తకా..." అని ఆగాడు. "తెల్దక్కా," అన్నాడు చివరికి. "మనకి తెల్దు."

కంటితో చూడని ముత్తాత కల్లు ముంత తెలుసు. మాకు ముద్దలు కలిపి పెట్టిన మనిషి నాలుకకు ఏది రుచో తెలియదు. వంటింటి గట్టుకు ఆనుకుని ఏడ్చాను. ఆమె పోయిన రోజున కూడా అంతగా ఏడవలేదు.

అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరు భోజనానికి కూర్చున్నా, ముఖ్యంగా ఆడవాళ్లను, నీకేమిష్టమో చెప్పమని వేధిస్తాను. ఏదైనా పర్వాలేదంటే ఊరుకోను. మా ఆడపడుచు దీన్ని పోలీసు విచారణ అంటుంది. అననీ. అత్తకు మాత్రం ఏటా ఒక కొత్త కూర వండుతున్నాను. ఒక ఏడు అరటికాయ వేపుడు, ఒక ఏడు వంకాయ, ఒక ఏడు చేపల పులుసు. రమణ పద్ధతి మార్చుకోలేదు, తన ఇంట్లో అత్తకు ఆకు వేయడు. కానీ పొద్దున్నే ఫోన్ చేసి, "ఈ ఏడు అత్తకేటొండుతన్నావ్?" అని అడుగుతాడు. అక్కడ పని ముగించుకుని, భార్యాపిల్లలతో మా ఇంటికి వచ్చేస్తాడు. వాడు వచ్చేదాకా నేను కూర దించను. ఆమెకు ఏది ఇష్టమో ఇక ఎప్పటికీ తెలియదు గానీ, వేడిగా, అందరికంటే ముందు తినడం ఆమె ఎన్నడూ ఎరగదని మా ఇద్దరికీ తెలుసు. దించింది దించినట్టు, పొగలు కక్కుతుండగా, వాడే గరిటె అందుకుని అత్త ఆకులో వడ్డిస్తాడు. మిగతా పెద్దలు కాస్త ఆగుతారు.