బున్‌రే అక్క నలభై మాటలు

మోక్ బున్‌రే అక్క గురించి చెప్పమంటే నాకు ముందు కోపమే వస్తుంది. హోటల్ మీద, ఆమె మీద, అన్నిటికంటే ఎక్కువగా నా మీద.

కొరియాలో బుసాన్ సముద్రపు ఒడ్డునున్న మా హోటల్లో ఆమెది పంతొమ్మిదేళ్ళ కొలువు. పదకొండో అంతస్తు గదులు సర్దే పనంతా ఆమెదే. పక్క మీద ఒక్క ముడత కనిపించినా దాని అంతు చూడందే బయటికొచ్చే మనిషి కాదు. ఈ వసంతంలో కొత్త యజమాని వచ్చాడు. అతిథులకు ఏం కావాలన్నా ఇకమీదట మా ఫోన్లలో మెసేజి ఇంగ్లీషులోనే పడుతుందన్నారు. నలభై మాటల జాబితా చేతికిచ్చి, నెల తర్వాత పరీక్షన్నారు. తప్పినవాళ్ళు కింద లాండ్రీలోకి, నెలాఖరుకి ఇంటికి. అరవై దగ్గరపడ్డ మనిషికి ఇంకెవడు పనిస్తాడు?

"చెల్లీ, హైస్కూలు దాకా చదివావుగా, నువ్వే నేర్పాలి," అని నా వెంటపడింది. నేనూ పెద్ద పండితురాలిలా ఒప్పుకున్నాను. అక్షరాలు ఎలాగో పట్టుబడ్డాయి. అర్థాలు మాత్రం నిలిస్తే ఒట్టు! పొద్దున నేర్చుకున్నది మధ్యాహ్నం అన్నంలో కిమ్చీ పచ్చడితో పాటు మింగేసేది. నా తల ప్రాణం తోకకొచ్చింది.

"ఎక్కాలెలా వచ్చాయక్కా నీకు?"

"మూడో తరగతిలో అందరం ఊగుతూ అరిచేవాళ్ళం. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను."

"అయితే ఇవీ అలాగే అరిచి నేర్చుకో!"

అదీ నేను వెలగబెట్టిన ఘనకార్యం. సోప్ సబ్బు, పిల్లో దిండు, బ్లాంకెట్ దుప్పటి... పక్కలు సర్దుతూ, మెట్లెక్కుతూ, ఇంట్లో సోయా మొలకలు బాగుచేస్తూ ఒకటే పాట. మూడు వారాలకల్లా నలభై మాటలూ గడగడా ఒప్పజెప్పింది. నాకే అన్నీ రాలేదు.

పరీక్షనాడు కొత్త మేనేజరు జాబితా మధ్యలోంచి అందుకున్నాడు. "స్టెయిన్?" అయిదు లెక్కపెట్టేలోపు చెప్పాలట.

అక్క కళ్ళు మూసుకుంది. "సోప్ సబ్బు, పిల్లో దిండు..."

"ఏంటమ్మా, పాటల పోటీకొచ్చావా? స్టెయిన్ చెప్పు!"

"వస్తున్నానండీ, దారిలోనే ఉంది."

అందరూ కిసుక్కున నవ్వారు. అయిదయిపోయింది. మళ్ళీ ఇంకో మాట, మళ్ళీ సోప్ దగ్గర్నుంచే. జాబితా మొదట్లో ఉన్న మూడు మాటలకే మార్కులు పడ్డాయి. నేను ఆగలేక లేచాను.

"ఆవిడకి అన్నీ వచ్చు సార్! మొదట్నుంచి వరసగా అడిగి చూడండి."

"అతిథులు వరసగా అడుగుతారా?"

ఒళ్ళు మండిపోతున్నా కూర్చున్నాను. ఆ వరస నేర్పింది నేనే కదా! నేను మాత్రం ముప్పై ఒకటి చెప్పి పాసయ్యాను.

అక్కను లాండ్రీకి దింపి, పదకొండో అంతస్తు నాకే ఇచ్చారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. నాలుగో రోజు ఒక గది నుంచి 'కెటిల్' అని పడింది. ఎంత తన్నుకున్నా గుర్తు రాదే! సిగ్గు విడిచి లాండ్రీకి ఫోన్ చేశాను.

"కెటిలా? ఉండు చెల్లీ." యంత్రాల హోరులో ఆమె గొంతు వినిపించింది. "సోప్ సబ్బు, పిల్లో దిండు..."

ఎవరూ అయిదు లెక్కపెట్టడం లేదు. ముప్పై నాలుగో మాట దాకా నడిచి వెళ్ళింది. "ఆ, కెటిల్ అంటే నీళ్ళు కాచేది."

ఒక్క నిష్ఠూరం ఆడినా నాకు హాయిగా ఉండేది. ఆడలేదు.

"ఇంకేమైనా రాకపోతే ఈ నెలాఖరు లోపలే అడిగేసుకో చెల్లీ," అంది. "తర్వాత నేనుండను కదా."