పడుగు చాపే వేళ నా తలుపు

మాది కుంఠా నాకా దగ్గర గల్లీ. చుట్టూ ఎన్ని పవర్‌లూములు వచ్చినా మా బావ, అంటే నా పెనిమిటి అన్న, చేతిమగ్గం వదల్లేదు. పొద్దు పొడవకముందే గల్లీ పొడుగునా పడుగు చాపి, గంజి పెట్టి, చెరో కొస ఇద్దరు పట్టే పొడుగాటి కుంచెతో దువ్వేవాడు. ఎండెక్కితే గంజి బిరుసెక్కి పోగులు తెగుతాయి. అందుకే ఆ పని మసక వెలుతురులోనే జరగాలి.

పెళ్లయిన నాటి నుంచి ఆ కుంచె అవతలి కొస నేనే పట్టుకునేదాన్ని. పెనిమిటి పోయాక కుంచె ఒక్కటే కాదు, ఆ వేళే నాది కాకుండా పోయింది. ముండమోసినదాని మొగం పడుగుకు ఎదురు పడకూడదట. పడుగు చుట్టేదాకా నా తలుపు మూసి ఉండాలి.

నా గదికి కిటికీ లేదు. తలుపు తీస్తేనే వెలుగు. అప్పటికి నేను బీడీలు చుట్టడానికి కుదిరాను. రాత్రి నీళ్లు చల్లి గోనెలో చుట్టిన తునికాకు వేకువనే మెత్తగా ఉంటుంది, ఎండెక్కితే కత్తెర కింద చిట్లుతుంది. పోగుకూ ఆకుకూ కావాల్సింది ఆ ఒక్క వేళే. చీకట్లో తడుముకుంటూ కత్తిరిస్తే ఆకు వంకర పోయేది, కార్ఖానాలో ఆ బీడీలు ఏరి పారేసేవారు. నా ఇద్దరు పిల్లలు ఆ బీడీల మీదే బతకాలి.

మా అత్త కూడా మొగుడు పోయిన మనిషే. ఎన్నో ఏళ్లుగా తెల్లవారడాన్ని తలుపు సందులోంచి చూసింది.

ఒక రోజు నా వల్ల కాలేదు. తలుపు బార్లా తీసి, చాట ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చున్నాను. ఆకాశం ఇంకా బూడిద రంగులోనే ఉంది. కత్తెర చప్పుడుకు బావ తలెత్తాడు.

“ఏందమ్మా ఇది? లోపలికి పో. పడుగు చాపి ఉంది, కనబడ్తలేదా?”

“కనబడ్తున్నది బావా. నీ పని నువ్వు చేస్కో, నా పని నేను చేస్కుంట.”

అంతలోనే ఒక పోగు తెగింది. బావ భార్య కుంచె కొస వదిలి చేతులు ఊపింది.

“చూసినవా? కూసోని ఘడియ గూడ కాలే. నుక్సాన్ షురూ అయింది.”

“నిన్న గూడ తెగినయ్ గదా అక్కా. నిన్న నా తలుపు బందే ఉండె. మరి నిన్న ఎవరి మొగం ఎదురొచ్చింది? నీదా, బావదా?”

ఎదురింట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. బావ ముఖం ఎర్రబడింది.

“అమ్మా, నీ కోడలికి జర చెప్పు” అని లోపలికి కేకేశాడు.

అత్త వచ్చి నా వెనక నిలబడింది. భుజం పట్టి లేపుతుందనుకుని కత్తెర గట్టిగా పట్టుకున్నాను, ఏమైనా సరే లేవకూడదని. ఆమె గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. తడి పడుగు మీద వెలుగు తెల్లగా పాకుతోంది.

“జరుగు పిల్లా” అంది చివరికి. “నాకింత జాగ ఇయ్యి.”

“నీకు గూడ మతి పోయిందా అమ్మా?”

“నిన్ను కన్నదాన్నిరా నేను. నా మొగం చూస్తే నీ పోగు తెగుతదా?”

బావ తెగిన పోగు అతికి, మా గడపకు వీపు తిప్పి దువ్వసాగాడు. తర్వాత పడుగు గుంజలు గల్లీ అవతలి కొసకు మార్చుకున్నాడు. మార్చుకోనీ.

అత్త రోజూ నా పక్కన ఇరుక్కుని ఆకు కత్తిరించేది. ఆమెకు చూపు ఆనదు, సగం ఆకులు వంకరే. వాటిని నేను మళ్లీ కత్తిరించుకున్నాను గానీ లోపలికి వెళ్లమని మాత్రం ఏనాడూ అనలేదు.