అత్తమ్మ ఎడమ కాలు

మానుకోట నుంచి కోడలిగా వచ్చిన నాటి నుంచి అత్తమ్మ కాళ్లు ఒత్తుతూనే ఉన్నాను. పన్నెండేళ్లలో ఒక్కనాడు మెచ్చుకుంటే ఒట్టు. "జర గట్టిగ ఒత్తవే, బువ్వ తినలేదా?" అనేది. నాకూ కోపం తక్కువేం కాదు, పళ్లు నూరుకుంటూనే ఒత్తేదాన్ని.

మాది దేవరుప్పుల దగ్గర పల్లె. మొన్నటి వానాకాలం నాట్లప్పుడు ఆమె ఎడమ మోకాలి వెనక గుంటలో నిమ్మకాయంత బుడిపె లేచింది. పగలంతా బురదలో నిలబడితే ఉబ్బేది. సాయంత్రం పడుకోబెట్టి నువ్వుల నూనెతో ఒత్తితే అణిగిపోయేది. "నరం పట్టింది, నీ చేతికి దిగుతున్నది" అన్నారు వాడకట్టు వాళ్లు. "చెయ్యి మంచిదేనే" అంది అత్తమ్మ కూడా. ఆ ఒక్క మాటకు పొంగిపోయి పూటపూటా ఒత్తాను. నా మొహం, నాకేం తెలుసని!

ఒకరోజు పొలం గట్టు మీదే ఊపిరాడక కూలబడింది. జనగామ దవాఖానలో ఆక్సిజన్ పెట్టి వరంగల్‌కు పంపారు. అక్కడ స్కానింగ్ చూసి డాక్టరు విషయం చెప్పాడు. కాలిలోని పెద్ద సిర ఒకచోట బుడగలా ఉబ్బిందట, ఇది చాలా అరుదట. అందులో రక్తం గడ్డకట్టి, ఒక ముక్క ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఇంకా పెద్ద గడ్డ అక్కడే ఉంది, అది కదిలితే ప్రాణం దక్కదు. రక్తం పలచబడే మందు ఇచ్చి, ఆపరేషన్ చేసి, ఉబ్బిన భాగం కోసేసి సిరను కుట్టాలి.

"దాన్ని ఎవరైనా ఒత్తారా? ఒత్తితే ముక్క విడిపోతుంది" అన్నాడు.

మా ఆయన నా వైపు చూసి తల దించుకున్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగి అత్తమ్మే అంది:

"ఎవలొత్తుతరు సారూ? మా కోడలికి గంత తీరికేడిది! నేనే ఒత్తుకున్న."

ఆపరేషన్ జరిగినంతసేపూ బయట బెంచీ మీద కూర్చొని నా చేతులు నేనే చూసుకున్నాను. ఎన్నిసార్లు కడిగినా నూనె వాసన పోలేదనిపించింది. ఆమె బతికితే చాలు, జీవితాంతం తిట్టినా పడతానని మొక్కుకున్నాను.

బతికింది. ఇంటికొచ్చాక మంచం పక్కన కూర్చునేదాన్నే గాని, ఆమె కాళ్లు ముట్టుకోవాలంటే భయమేసేది. పది రోజులు చూసింది. కట్టున్న కాలు అలాగే ఉంచి, రెండోది నా ఒడిలో పడేసింది.

"దాని జోలికి పోకు. గిది ఒత్తు. ఏడ్సుకుంట ఒత్తితే ఏం దిగుతది? జర గట్టిగ ఒత్తవే."